ఒంట్లో పెరిగే మందు

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఒక పెద్దాయన కేసు వైద్యుల్ని చాలాకాలం తికమక పెట్టింది. ఆయన వయసు 78. జబ్బు క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా, అంటే నెమ్మదిగా ముదిరే రకం రక్త క్యాన్సర్. అప్పటికి వాడగలిగిన మందులు వాడి చూశారు. చివరికి ఆయన రక్తంలోంచే టి కణాలు అనే రోగనిరోధక కణాల్ని తీసి, వాటికి కొత్త జన్యువు జోడించి, తిరిగి ఆయనకే ఎక్కించారు. ఫలితం కనిపించలేదు. కొన్ని వారాలు ఆగి రెండో విడత ఎక్కించారు. అప్పుడూ పెద్దగా కదలిక లేదు. రెండు నెలలు గడిచాక ఆయనకు ఉన్నట్టుండి జ్వరం తగులుకుంది. ఎప్పుడో ఎక్కించిన కణాలు ఒంట్లో విపరీతంగా పెరిగిపోయాయి. పెద్దాయన బాగా నీరసించాడు, తేరుకున్నాడు. ఆ తర్వాత పరీక్ష చేస్తే క్యాన్సర్ లేదు. ఐదేళ్లు దాటాక చూసినా లేదు.

ఎందుకలా జరిగిందో 2018లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన బయటపెట్టింది. క్యాన్సర్‌ను ఊడ్చేసిన రోజుల్లో ఆయన ఒంట్లో ఉన్న ఆ చంపే టి కణాల్లో 94 శాతం ఒకే ఒక్క కణం సంతానం. కొత్త జన్యువును మోసుకెళ్లిన వైరస్ ఆ ఒక్క కణంలో కాకతాళీయంగా టెట్2 అనే జన్యువు మధ్యలో దిగింది. ఆ జన్యువు రెండో ప్రతిలో పెద్దాయనకు ముందునుంచే లోపం ఉంది. రెండు ప్రతులూ దెబ్బతినడంతో ఆ కణానికి అలసట లేకుండా పోయింది, రెండు నాలుగవుతూ, నాలుగు ఎనిమిదవుతూ వెళ్లింది. కోట్ల కణాలకు చేతకాని పనిని అదొక్కటే చేసిపెట్టింది. ఇందులో చిన్న వెటకారం కూడా ఉంది. టెట్2 దెబ్బతినడం మామూలుగా శుభవార్త కాదు, కొన్ని రక్త క్యాన్సర్లలోనే తరచుగా కనిపించే లోపం అది.

మాత్ర మింగితే మందు ఒంట్లో గంటగంటకీ తగ్గిపోతుంది. అందుకే రోజుకు రెండనీ మూడనీ లెక్క రాసిస్తారు. కార్-టి అని పిలిచే ఈ మందు ఒకసారే ఎక్కిస్తారు, అది లోపలికి వెళ్లాక పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో ఎక్కించిన రోజున ఎవరూ చెప్పలేరు. జబ్బు కణం కనిపిస్తే ఎక్కువవుతుంది, కనిపించకపోతే తగ్గి, కొంత మిగిలి, ఏళ్ల తరబడి కాపు కాస్తుంది. ఈ చికిత్స గొప్పతనం, దాని ప్రమాదం, దాని ధర, మూడింటికీ మూలం ఒక్కటే: మందు బతికుంది, అదీ ఒకే ఒక్క మనిషికి చెందింది.

రక్త క్యాన్సర్ మీద మనుషుల పోరాటంలో తెలుగువాడి చెయ్యి తొలి రోజుల్లోనే ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహించిన కాలంలో అక్కడ అమినోప్టెరిన్ తయారైంది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకు ఇచ్చి చూశాడు. 1948లో ఆయన ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది, కొన్ని నెలల పాటే అయినా. దానికి తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ను ఇవాళ్టికీ ఈ పిల్లలకు ఇస్తున్నారు. కీమోథెరపీ అలా అంచెలంచెలుగా పెరిగి, అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా వచ్చిన పిల్లల్లో, ధనిక దేశాల వరకూ, పదింట తొమ్మిది మందిని బతికించే స్థాయికి చేరింది. ఈ అధ్యాయం మిగిలిన ఆ పదో బిడ్డ గురించి.

టి కణం పని వెతకడం, చంపడం. మన ఒంట్లోని దాదాపు ప్రతి కణమూ తన లోపల తయారవుతున్న ప్రోటీన్ల తునకల్ని పైపొర మీద పెట్టి చూపిస్తూ ఉంటుంది. టి కణం వాటిని తడిమి చూసి, పరాయి తునక తగిలితే ఆ కణాన్ని చంపేస్తుంది. వైరస్ దూరిన కణాలు దొరికిపోయేది ఇలాగే. క్యాన్సర్ కణం అంత తేలిగ్గా దొరకదు. అది బయటినుంచి వచ్చింది కాదు, మన కణమే దారి తప్పింది. పైగా చాలా క్యాన్సర్లు ఆ తునకల్ని చూపించే ఏర్పాటునే కట్టిపెట్టేస్తాయి. చూడ్డానికి ఏమీ లేకపోతే టి కణం పక్కనుంచే వెళ్లిపోతుంది. యాంటీబాడీల తీరు వేరు. వాటికి ఈ తునకలతో పనిలేదు, కణం పైపొర మీద ఏ ప్రోటీన్ ఉంటే దాన్ని నేరుగా పట్టుకుంటాయి. అయితే పట్టుకున్నంత గట్టిగా చంపడం వాటికి రాదు.

ఒకదాని పట్టునూ ఇంకోదాని చంపే గుణాన్నీ కలిపితే? ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ పరిశోధన సంస్థలో జెలిగ్ ఎషార్ బృందం 1989లో ఆ పని చేసి చూపించింది. యాంటీబాడీలో పట్టుకునే కొసను టి కణం లోపలి మీటకు అతికించి, రెండూ కలిసిన కొత్త గ్రాహకాన్ని తయారుచేసింది. తర్వాతి కాలంలో దానికి కార్ అనే పొట్టిపేరు స్థిరపడింది. ఈ గ్రాహకం తొడిగిన టి కణం ఇక తునకల కోసం చూడదు. ఎదుటి కణం మీద తాను వెతికే ప్రోటీన్ తగిలిందా, చంపుతుంది. కాగితం మీద ఇంత సుళువైన ఆలోచన ఆసుపత్రి దాకా రావడానికి ఇరవై ఏళ్లకు పైనే పట్టింది.

మొదటి తరం కార్ కణాలు కిక్కు కొడితే స్టార్టయి, రెండు వీధులు దాటాక ఆగిపోయే పాత స్కూటర్ల లాంటివి. లక్ష్యాన్ని పట్టుకునేవి, కొన్నిటిని చంపేవి, తర్వాత అవే చచ్చిపోయేవి. కారణం టి కణం స్వభావంలోనే ఉంది. ఒక్క సంకేతం అందితే అది పూర్తిగా నిద్రలేవదు, వెంట రెండో సంకేతం కూడా రావాలి. ఆ రెండోదాన్ని కూడా కార్‌లోనే కూర్చిపెట్టడంతో కథ మారింది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో మిషెల్ సాడెలెయిన్ బృందం సీడీ28 అనే సంకేత భాగాన్ని వాడింది. మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రిలో డారియో కంపానా బృందం 4-1బీబీ అనే మరో భాగాన్ని ఎంచుకుంది. స్థూలంగా మొదటిది వేగంగా చెలరేగేది, రెండోది నిదానంగా పెరిగి ఎక్కువ కాలం నిలిచేది. ఇవాళ మార్కెట్లో ఉన్న కార్-టి మందులు ఈ రెండు కుటుంబాల్లో ఏదో ఒకదానివే.

ఇక ఏ ప్రోటీన్ మీద గురిపెట్టాలి? ఈ ఎంపికలోనే రక్త క్యాన్సర్లకు అదృష్టం కలిసొచ్చింది. సీడీ19 అనే ప్రోటీన్ బి కణాల మీద ఉంటుంది, బి కణాల నుంచి పుట్టే లుకేమియా, లింఫోమా కణాల మీదా ఉంటుంది. గుండె, కాలేయం, ఊపిరితిత్తుల కణాల మీద ఉండదు. అంటే దాన్ని వేటాడే టి కణం క్యాన్సర్‌తో పాటు మంచి బి కణాల్ని కూడా తుడిచిపెడుతుంది గానీ అక్కడితో ఆగుతుంది. బి కణాలు లేకపోతే యాంటీబాడీలు తయారు కావు. దానికి విరుగుడుంది, దాతల ప్లాస్మా నుంచి తీసిన ఇమ్యునోగ్లోబులిన్‌ను అప్పుడప్పుడూ ఎక్కిస్తే మనిషి రోజులు బాగానే వెళ్లిపోతాయి. మందు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి వైద్యులు చూసే గుర్తు కూడా ఇదే: రక్తంలో బి కణాలు కనబడకపోతే కార్-టి కణాలు ఇంకా కాపలా ఉన్నట్టు.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ బృందాన్ని నడిపిన కార్ల్ జూన్ ఈ రంగంలోకి వచ్చిన దారి విచిత్రమైనది. ఆయన అమెరికా నౌకాదళ వైద్యుడు, హెచ్‌ఐవీ మీద పనిచేసినవాడు. ఎయిడ్స్ రోగుల్లో తగ్గిపోయే టి కణాల్ని ఒంటి బయట పెంచి తిరిగి ఇవ్వాలని, సహచరుడు బ్రూస్ లెవిన్‌తో కలిసి, టి కణాల్ని ఉసిగొల్పే చిన్న అయస్కాంత పూసల్ని రూపొందించాడు. కణాల్ని పెంచే ఆ విద్యే తర్వాత క్యాన్సర్‌కు పనికొచ్చింది. 2001లో ఆయన భార్య అండాశయ క్యాన్సర్‌తో చనిపోయింది. కొత్త జన్యువును టి కణంలోకి మోసుకెళ్లడానికి జూన్ బృందం ఎంచుకున్న వాహనం, కోరలు పీకేసిన హెచ్‌ఐవీ. ఆ వైరస్‌కు టి కణంలోకి దూరడం, తన జన్యువును దాని డీఎన్ఏలో శాశ్వతంగా కుట్టేయడం వెన్నతో పెట్టిన విద్య. జబ్బు పుట్టించే భాగాలు తీసేసి, కుట్టే పనిని మాత్రం ఉంచుకున్నారు.

ప్రభుత్వ గ్రాంట్లు ఈ ఆలోచన మీద అంతగా మొగ్గు చూపలేదు. ఒక దాతృత్వ సంస్థ ఇచ్చిన డబ్బుతో 2010లో పరీక్ష మొదలైంది, ఆ డబ్బు ముగ్గురు రోగులతోనే అయిపోయింది. మొదటివాడు బిల్ లుడ్విగ్, జైలు అధికారిగా పనిచేసి రిటైరయినవాడు. కణాలు ఎక్కించిన కొద్ది రోజులకు తీవ్రమైన జ్వరంతో మంచం పట్టాడు. నెల తర్వాత మూలుగ పరీక్ష చేస్తే క్యాన్సర్ కణాలు కనబడలేదు. ల్యాబ్‌లో పొరపాటు జరిగిందేమోనని వైద్యులు మళ్లీ పరీక్షించారు. మళ్లీ అదే జవాబు. తర్వాతి రోగి డగ్ ఓల్సన్ స్వయంగా శాస్త్రవేత్త, 1996 నుంచీ జబ్బుతో ఉన్నాడు. ఆయనకు ఎక్కించింది చాలా చిన్న మోతాదు, కిలో బరువుకు దాదాపు లక్షన్నర కణాలు. ఒంట్లో అవి వెయ్యి రెట్లకు మించి పెరిగాయి. మూడు వారాలు దాటేసరికి క్యాన్సర్ కణాలు ఒక్కుమ్మడిగా చచ్చి, వాటి చెత్తను వదిలించుకోలేక మూత్రపిండాలు ఇబ్బందిపడ్డాయి. మందు ఎంత గట్టిగా పనిచేస్తోందో చెప్పడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

ముగ్గురిలో ఇద్దరికి జబ్బు పూర్తిగా పోయింది, మూడో ఆయనకు కొంత తగ్గింది. 2011 ఆగస్టులో ఈ ఫలితాలు వెలువడ్డప్పుడు మూడే కేసులని పెదవి విరిచినవాళ్లున్నారు. పదేళ్లు గడిచాక వాళ్ల దగ్గరా మాట లేకపోయింది. 2022లో వచ్చిన నివేదిక ప్రకారం లుడ్విగ్, ఓల్సన్ ఇద్దరి రక్తంలోనూ 2010లో ఎక్కించిన కణాల వారసులు దశాబ్దం తర్వాత కూడా బతికే ఉన్నాయి, ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. లుడ్విగ్ 2021లో కోవిడ్ సంబంధిత సమస్యలతో కన్నుమూశాడు. ఆయన్ను చంపింది లుకేమియా కాదు.

పదో బిడ్డ కథ 2012లో మొదలవుతుంది. పెన్సిల్వేనియా రాష్ట్రంలోనే ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ల పాపకు అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా రెండుసార్లు తిరగబెట్టింది. ఇంకో రకంగా బతికే దారి లేదని తేలాక ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో స్టీఫన్ గ్రుప్ పర్యవేక్షణలో ఏప్రిల్‌లో ఆమెకు కార్-టి కణాలు ఎక్కించారు. ఈ చికిత్స పొందిన తొలి బాలిక ఆమె. కొద్ది రోజుల్లోనే జ్వరం 105 డిగ్రీలు దాటింది, రక్తపోటు పడిపోయింది, ఊపిరి ఆడక వెంటిలేటర్ పెట్టారు. తల్లిదండ్రులను ఎలాంటి కబురుకైనా సిద్ధంగా ఉండమన్నారు.

ఇన్‌ఫెక్షన్ కోసం వెతికారు, దొరకలేదు. రక్త పరీక్షలో మాత్రం ఒకటి కళ్లు చెదిరేలా కనిపించింది: ఐఎల్-6 అనే ప్రోటీన్ మామూలు కంటే ఎన్నో వందల రెట్లు ఉంది. రోగనిరోధక కణాలు ఒకదాన్నొకటి పిలుచుకోవడానికి వదిలే రసాయనాల్లో అదొకటి. కార్-టి కణాలు కోట్లకొద్దీ లుకేమియా కణాల్ని చంపుతుంటే ఆ పిలుపు ఒళ్లంతా మార్మోగి, పాప ఆ హోరులోనే మునిగిపోతోంది. ఐఎల్-6ను అడ్డుకునే మందు టోసిలిజుమాబ్ అప్పటికే ఉంది, కానీ అది కీళ్లవాతానికి. జపాన్‌లో తడమిత్సు కిషిమోతో ఐఎల్-6 మీద చేసిన పరిశోధన ఫలం అది. క్యాన్సర్ వార్డులో దాని పేరు తలచుకునే సందర్భమే లేదు. కార్ల్ జూన్‌కు మాత్రం తెలుసు, ఆయన కూతురికి చిన్న వయసులో వచ్చే కీళ్లవాతం ఉంది. కూతురి జబ్బు గురించి చదువుతూ ఈ మందు సంగతి గమనించి పెట్టుకున్నాడు. అది ఇచ్చిన కొన్ని గంటల్లోనే ఎమిలీ జ్వరం దిగడం మొదలైంది. ఏడో పుట్టినరోజు నాడు, 2012 మే 2న, ఆమెకు మెలకువ వచ్చింది. ఆ తర్వాత జబ్బు తిరిగి రాలేదు.

ఆ కీళ్లవాతం మందు లేకపోతే ఈ అధ్యాయం రాయాల్సిన అవసరమే ఉండేది కాదేమో. మొదటి పాప చనిపోయి ఉంటే పరీక్ష ఆగిపోయేది. విజ్ఞాన చరిత్రల్లో ఇలాంటి చోట్లను గబగబా దాటేస్తుంటారు. అంతా పథకం ప్రకారం జరిగినట్టు రాసుకోవడం అందరికీ బాగుంటుంది. జరిగింది మాత్రం ఒక తండ్రికి తన కూతురి మందులు తెలిసి ఉండటం.

ఎమిలీ తర్వాత చికిత్స పొందిన ఇంకో బాలికకు కూడా మొదట గుణం కనిపించింది. రెండు నెలలకే జబ్బు తిరిగొచ్చింది, ఈసారి సీడీ19 లేకుండా. వేట ఎక్కువైతే వేటగాడికి కనబడని కణాలే మిగులుతాయి, అవే పెరుగుతాయి. ఇద్దరి కథలూ 2013లో ఒకే వ్యాసంలో అచ్చయ్యాయి. ఈ చికిత్స గురించి తెలుసుకోవాల్సిన మంచీ చెడ్డా ఆ ఒక్క వ్యాసంలోనే దొరుకుతాయి.

2017 ఆగస్టు 30న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తొలి కార్-టి మందును అనుమతించింది. నోవార్టిస్ కంపెనీ దాన్ని కిమ్రియా పేరుతో తెచ్చింది. దానికి ఆధారమైన ఎలియానా పరీక్షలో మందు ఎక్కించి మూడు నెలలు గమనించిన 75 మంది పిల్లలు, యువకుల్లో 81 శాతానికి జబ్బు లొంగింది. మామూలు మందులకు లొంగని పిల్లల్లో పాత మందులతో అంతటి ఫలితం అంతకుముందు ఎవరూ చూడలేదు. టోసిలిజుమాబ్‌కు కూడా ఈ జ్వరానికి వాడే అనుమతి అదే రోజు దక్కింది. అక్టోబరులో పెద్దవాళ్ల లింఫోమాకు రెండో మందు యెస్కార్టా వచ్చింది. 2017లో కిమ్రియా ధర 4,75,000 డాలర్లు, అప్పటి లెక్కన మూడు కోట్ల రూపాయలు. యెస్కార్టా 3,73,000 డాలర్లు. ఆసుపత్రి ఖర్చులు విడి.

అంత ధర కంపెనీ ఆశ వల్లనే అనుకుంటే సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే ఆ మందు తయారయ్యే తీరు చూడాలి. రోగిని యంత్రానికి కలిపి, కొన్ని గంటల పాటు రక్తాన్ని తిప్పుతూ తెల్లకణాల్ని వేరుచేస్తారు. వాటిని గడ్డకట్టించి కర్మాగారానికి పంపుతారు. అక్కడ టి కణాల్ని ఏరి, పూసలతో ఉసిగొల్పి, వైరస్‌తో జన్యువు ఎక్కించి, వారం పది రోజులు పెంచుతారు. సూక్ష్మజీవులు చేరలేదని, వైరస్ ముక్కలు మిగలలేదని, కణాలు చచ్చిపోలేదని వరసగా పరీక్షలుంటాయి. ఆ సంచీ మీద ఒకే మనిషి వివరాలుంటాయి, ఇంకొకరికి ఎక్కించడానికి లేదు. లక్ష మాత్రలు ఒకే విడతలో చేసే కర్మాగారానికి ఈ పని మింగుడుపడదు. ఇక్కడ ప్రతి రోగీ ఒక విడత. ఆ విడత చెడిపోతే మళ్లీ మొదటికి రావాలి, అప్పటికి రోగి మిగిలి ఉంటే. సంచీ తిరిగి వచ్చాక కూడా నేరుగా ఎక్కించరు. ముందు మూడు రోజులు కీమో ఇచ్చి ఒంట్లో ఉన్న పాత టి కణాల్ని తగ్గిస్తారు, కొత్తవాటికి చోటు దొరకడానికి. అసలు మందు ఎక్కడానికి మాత్రం అరగంట కూడా పట్టదు, ఎక్కే ద్రవం చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది.

తయారీలో ఒక్క కణం దారి తప్పినా ఏమవుతుందో పెన్సిల్వేనియా బృందమే 2018లో బయటపెట్టింది. ఇరవై ఏళ్ల ఒక రోగి నుంచి తీసిన కణాల్లో టి కణాలతో పాటు ఒక లుకేమియా కణం కూడా వెళ్లింది. వైరస్ దానికీ కార్ జన్యువును తొడిగింది. ఆ కార్ అదే కణం మీద ఉన్న సీడీ19ను పట్టుకుని కప్పేసింది. ఇక దాన్ని ఏ కార్-టి కణమూ చూడలేదు. రోగి తొమ్మిది నెలల పాటు బాగానే ఉన్నాడు, ఆ తర్వాత ముసుగు వేసుకున్న ఆ ఒక్క కణం సంతానంతో జబ్బు తిరిగొచ్చి ప్రాణం తీసింది. ఒక చోట ఒక్క కణం పెద్దాయన్ని బతికించింది, ఇంకో చోట ఒక్క కణం కుర్రవాడిని చంపింది. రెండూ ఒకే విశ్వవిద్యాలయం, ఒకే ఏడాది వచ్చిన వ్యాసాలు.

ఒంట్లో చెలరేగే జ్వరం ఒక ముప్పయితే, రెండో ముప్పు మెదడుది. కొందరు రోగులకు ఎక్కించిన కొన్ని రోజులకు మాట తడబడుతుంది, ఎక్కడున్నారో తెలియదు, కొందరికి ఫిట్స్ వస్తాయి. అందుకే కార్-టి వార్డుల్లో నర్సులు పూటపూటకీ విచిత్రమైన పరీక్ష పెడతారు: వంద నుంచి పదేసి చొప్పున వెనక్కి లెక్కపెట్టమంటారు, ఎదురుగా ఉన్న వస్తువుల పేర్లు చెప్పమంటారు, కాగితం మీద ఒక వాక్యం రాయమంటారు. నిన్న గుండ్రంగా రాసిన వాక్యం ఇవాళ గీతలైతే డాక్టర్‌కు ఫోన్ వెళ్తుంది. చాలామందిలో ఇది కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. ఇంకోటి అరుదైనదే అయినా తలనొప్పి: చికిత్స పొందిన వేల మందిలో కొద్దిమందికి టి కణాలలోనే కొత్త క్యాన్సర్ పుట్టినట్టు గమనించాక, 2024లో ఎఫ్‌డీఏ ఈ మందులన్నిటి మీదా గట్టి హెచ్చరిక ముద్రించమంది. జన్యువును ఎక్కడ పడితే అక్కడ కుట్టే వైరస్‌ను వాడుతున్నప్పుడు ఆ భయం ముందునుంచీ ఉన్నదే. మరణానికి ఎదురుగా నిలబడ్డ మనిషికి ఆ లెక్క ఏ వైపు తూగుతుందో చెప్పనక్కర్లేదు.

మల్టిపుల్ మైలోమా అనే మరో రక్త క్యాన్సర్‌లో లక్ష్యం సీడీ19 కాదు, బీసీఎంఏ అనే ఇంకో ప్రోటీన్. చైనాలోని నాన్‌జింగ్ నుంచి మొదలైన కార్విక్టీ అనే మందులో పట్టుకునే కొస ఒంటె జాతి జంతువుల యాంటీబాడీల నుంచి తీసుకున్నది, ఒకటి కాదు రెండు. ఏ మందుకూ లొంగని 97 మంది రోగులతో నడిచిన పరీక్షలో, ఒక్కసారి ఎక్కించి ఇంకే చికిత్సా లేకుండా ఐదేళ్ల తర్వాత కూడా మూడింట ఒక వంతు మందికి జబ్బు ముదరలేదు. మైలోమాను ఆపడమే గానీ పోగొట్టడం లేదని నేర్చుకున్న వైద్యులకు ఇది కొత్త పాఠం. గడ్డలుగా పెరిగే క్యాన్సర్లలో, రొమ్ము, ఊపిరితిత్తులు, క్లోమం లాంటి చోట్ల, కార్-టి ఇంకా అలాంటి విజయం చూపలేదు. అక్కడ వదులుకోగలిగిన సీడీ19 లాంటి లక్ష్యమే దొరకడం లేదు.

మన దేశంలో మూడు కోట్ల మందు ఎవరికి? ఈ ప్రశ్నకు జవాబు ముంబైలో తయారైంది. హార్వర్డ్‌లో పనిచేసి వచ్చి 2013లో ఐఐటీ బొంబాయిలో చేరిన రాహుల్ పుర్వార్, టాటా మెమోరియల్ వైద్యులు గౌరవ్ నరూలా, హస్ముఖ్ జైన్‌లతో కలిసి సొంతంగా కార్-టి తయారుచేయడానికి పూనుకున్నాడు. కొనుక్కొస్తే అన్నిటికంటే ఖరీదైన సరుకు వైరస్ వాహనం, దాన్ని ఇక్కడే తయారుచేసుకున్నారు. పాశ్చాత్య మందుల్లో పట్టుకునే కొస ఎలుక యాంటీబాడీ నుంచి వచ్చింది, ఇక్కడ దాన్ని మనిషి యాంటీబాడీకి దగ్గరగా మలిచారు. తీవ్రమైన జ్వరం తగ్గాలన్నది వాళ్ల ఉద్దేశం. 2021 జూన్‌లో టాటా మెమోరియల్‌లో తొలి రోగికి ఎక్కించారు. 2023 అక్టోబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతిచ్చింది. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఐఐటీ బొంబాయిలో నెక్స్‌కార్19 పేరుతో దాన్ని దేశానికి అందించారు. 64 మందితో జరిగిన పరీక్ష ఫలితాలు 2025లో ‘లాన్సెట్ హెమటాలజీ’లో వచ్చాయి. ఫలితం అంచనా వేయగలిగిన వాళ్లలో 73 శాతానికి గుణం కనిపించింది.

2024లో వచ్చినప్పుడు దాని ధర 40 లక్షల రూపాయల ప్రాంతంలో ఉండేది. అమెరికా ధరలో పదో వంతు అని పత్రికలు రాశాయి, అప్పటి డాలర్ విలువ ప్రకారం లెక్క సరైనదే. కానీ 40 లక్షలంటే ఎన్ని ఎకరాలో ఆలోచించే ఇళ్లకు ఆ ‘పదో వంతు’ ఊరట కాదు. ధర తగ్గిందనడం, అందుబాటులోకి వచ్చిందనడం రెండు వేర్వేరు మాటలు. బెంగళూరులోని ఇమ్యునీల్ కంపెనీ 2025 జనవరిలో రెండో దేశీయ మందును తెచ్చింది. దాని మూలం బార్సిలోనాలోని హాస్పిటల్ క్లినిక్‌లో పుట్టిన ఆరి-0001. ఆరి అన్నది లుకేమియాతో చిన్న వయసులో చనిపోయిన అమ్మాయి పేరు. ఆమె తల్లి మొదలుపెట్టిన విరాళాల సేకరణే ఆ పరిశోధనకు ఊపునిచ్చింది. స్పెయిన్‌లో దాన్ని కంపెనీ కాదు, ప్రభుత్వ ఆసుపత్రే తయారుచేస్తుంది. రోగి పక్క వార్డులో ఉండగానే మందు పై అంతస్తులో తయారయ్యే పద్ధతి మన పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులకు నప్పుతుందేమో చూడటం, ధర గురించి వాపోవడం కంటే మేలు.

ధర తగ్గే దారులు ఇంకా ఉన్నాయి. ఒకటి, రోగి కణాలతో పనిలేకుండా దాత కణాలతో ముందే తయారుచేసి ఉంచడం. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో వసీమ్ ఖాసిమ్ బృందం 2022లో, టి కణాల లుకేమియాతో ఉన్న 13 ఏళ్ల అమ్మాయికి దాత కణాలు ఎక్కించింది. ఆ కణాల డీఎన్ఏలో కొన్ని అక్షరాల్ని మాత్రమే మార్చే కొత్త విద్యతో వాటిని ఒకదాన్నొకటి చంపుకోకుండా, పాప ఒంటిని పరాయిగా చూడకుండా మలిచారు. నెల తిరిగేసరికి జబ్బు కనబడలేదు. ఆ తర్వాత మూలుగ మార్పిడి చేశారు.

ఇక క్యాన్సర్ కాని చోటికి ఈ మందు వెళ్లిన కథ జర్మనీలోని ఎర్లాంగెన్‌ది. లూపస్ అనే జబ్బులో దారి తప్పిన బి కణాలు సొంత ఒంటి మీదే యాంటీబాడీలు వదులుతాయి. బి కణాల్ని తుడిచేసే మందు చేతిలో ఉన్నప్పుడు దాన్ని లూపస్‌కు ఎందుకు ఇవ్వకూడదని గియోర్గ్ షెట్ బృందం 2021లో ఒక యువతికి, ఆ తర్వాత మరికొందరికి ఇచ్చి చూసింది. ఐదుగురి ఫలితాలు 2022లో వచ్చాయి. ఐదుగురికీ జబ్బు సద్దుమణిగింది, మిగతా మందులన్నీ ఆపేశారు. కొన్ని నెలలకు బి కణాలు తిరిగొచ్చాయి గానీ కొత్తగా పుట్టినవి, పాత పగ లేనివి.

అన్నిటికంటే ధైర్యమైన ప్రయత్నం కర్మాగారాన్నే తీసేయడం. వైరస్ వాహనాన్ని గాజు పాత్రలో కాకుండా నేరుగా రోగి నరంలోకి ఎక్కించి, టి కణాలకు కార్ తొడిగే పనిని ఒంట్లోనే జరగనివ్వడం. 2025లో వూహాన్ వైద్యులు నలుగురు మైలోమా రోగులకు అలా ఎక్కించిన ఫలితాలను ‘లాన్సెట్’లో ప్రకటించారు. రక్తాన్ని తిప్పే యంత్రం లేదు, గడ్డకట్టించిన సంచీ లేదు, ముందుగా ఇచ్చే కీమో కూడా లేదు. నలుగురిలోనూ కార్-టి కణాలు పుట్టి, జబ్బు తగ్గింది. జ్వరం మాత్రం వాళ్లకూ తప్పలేదు.